‘పోయొస్త’ అనే మాట

గద్వాల,
4 జులై 2005

బిడ్డా కావ్యా,

అక్షరాలు వంకరగా కనబడితే భయపడకు, నాకేం కాలేదు. పొద్దంతా నేతపని కురుమయ్య మగ్గానికి దారం కండెలు చుట్టిన చెయ్యి, కలం పట్టుకోమంటే మొరాయిస్తున్నది. మూడో తరగతి చదువుకు ఇంతకన్నా మంచి రాత రాదు. ఫోను చేస్తానని మాత్రం అనకు. ఫోను చెవికి పెట్టుకుంటే నాకు గాలి తప్ప ఏమీ వినబడదు. కాగితమైతే ఎన్నిసార్లైనా చదువుకోవచ్చు.

నువ్వు పోయి వారమయింది. అచ్చంపేటలో నీళ్ళు పడ్డాయా? నువ్వు చదువు చెప్పే అడవి బడికి గోడలున్నాయా, లేక చెట్ల కిందనేనా? పాములుంటాయి, ఎలుగులుంటాయి, దోమలు సరేసరి. మీ అమ్మానాన్న బొంబాయిలో బిల్డింగు పనిలో ఉండి, ‘అవ్వ ఎట్లంటే అట్ల’ అని భారమంతా నా నెత్తిన పెట్టారు. నేను బతుకమ్మ పండుగ దాకా అన్నాను. ఆ మాట నువ్వు మరిచిపోతావేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. మొన్న యూనుస్ ఇంట్లో సినిమా చూశాను. సెలవుల్లో నువ్వూ, యూనుస్ బిడ్డ సుహానా తలుపులేసుకుని చూస్తూ కేకలు పెట్టేవారు కదా, ఆ రకం. అడవికి పోయిన పిల్లల కథ అని యూనుస్ తల్లి హసీనా చెబితే, మీకేమైనా పనికొస్తుందని కూర్చున్నాను. పట్టపగలు, తలుపులు బార్లా తీసి, కండెలు ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఇంగ్లీషు పిల్లలు తెలుగులో మాట్లాడుతున్నారు. మాట అయిపోయాక కూడా పెదవులు కదులుతున్నాయి. గొడ్డలి పట్టినవాడికన్నా నాకు అదే ఎక్కువ భయమనిపించింది. హసీనా పాన్ నములుతూ, “ఈ సీడీలన్నీ గట్లనే ఉంటయక్కా, జర కథ చూడు” అన్నది.

కథ ఏముంది? అయిదుగురు మీ ఈడు పిల్లలు కారులో నవ్వుకుంటూ అడవిలోని పాత బంగళాకు పోయారు. దారిలో పెట్రోలు పోసే ముసలాయన వద్దన్నాడు. విన్నారా? ఆయన్ని చూసి ఇంకా నవ్వారు. ఆ రాత్రి ఒక పిల్లగాడు కట్టెలు తెస్తానని లేచి, “ఇప్పుడే పోయొస్త” అన్నాడు. రాలేదు. అతన్ని చూసొస్తానని ఒక పిల్ల లేచింది. ఆమె కూడా “పోయొస్త” అన్నది. రాలేదు. సినిమా రెండు సీడీల్లో ఉంది. రెండో దాంట్లోనూ అదే మాట, అదే చావు.

నాకు ఒళ్ళు జలదరించింది. నువ్వు మన గడప దాటుతూ అన్నది కూడా ఆ మాటే కదా. నేను “మంచిగ పోయిరా” అన్నాను. ఇప్పుడు రోజూ అదే తలుచుకుంటున్నాను.

అందుకని చెబుతున్నాను. ఆ అడవిలో ఉన్నన్నాళ్ళు ఎటు పోయినా ‘పోయొస్త’ అనకు. ‘పోతున్న’ అను, లేదా ఏమీ అనకుండా లేచిపో. ‘పోతున్న’ అనడం మంచిది కాదని నాకూ తెలుసు. చిన్నప్పుడు ఆ మాట అన్నందుకు నీ వీపు మీద ఒకటిచ్చింది నేనే. కానీ అది మన ఊరి పద్ధతి. అడవి పద్ధతి అడవిదే.

ఇంతకూ మీరు ఎంతమంది? అయిదుగురైతే ఒకరిని ఇంటికి పంపండి.

దోమతెర దులిపి కట్టుకో.

నీ అవ్వ,
హన్మమ్మ


అచ్చంపేట,
17 జులై 2005

నా భయాల పుట్ట అవ్వకు,

అయిదుగురం కాదు, ముగ్గురమే. ఎవరినీ ఇంటికి పంపే పని లేదు. నేను, సుహానా, అమరచింత నుంచి వచ్చిన హమ్జా. హమ్జా లెక్కలు చెబుతాడు. వాగు నుంచి బడికి నీళ్ళు మోసేదీ అతనే. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, అలసటంటే తెలియదు.

ఇక్కడి చెంచుల ఊరును పెంట అంటారు. సోమవారం పొద్దున వెంకట్రాములన్న జీపులో వాగు దాకా పోతాం. వాగు నడిచి దాటితే పెంట. శనివారం దాకా అక్కడే. ఆదివారం అచ్చంపేటలో జమ్ములమ్మ పెద్దమ్మ ఇంట్లో అద్దె గదికి వస్తాం. ఆమెకు నీ కన్నా రెండేళ్ళు తక్కువ, నోరు మాత్రం రెండింతలు ఎక్కువ. మీరిద్దరూ కలిస్తే చూడాలని ఉంది.

బడికి గోడలున్నాయి, పైన రేకులు కూడా. తలుపుకే గొళ్ళెం పడదు. మొదటి వాన రోజు రేకుల మీద చప్పుడుకు సుహానా, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరికీ ఒకే సినిమా గుర్తొచ్చింది. భయపడాల్సింది పోయి కడుపు నొప్పొచ్చేదాకా నవ్వాం.

నువ్వు ఆ సినిమా చూశావంటే నమ్మలేకపోతున్నాను. కానీ అవ్వా, ఆ పిల్లల్ని తిట్టకు. అందరూ వాళ్ళను బుద్ధిలేనివాళ్ళంటారు. చీకట్లోకి ఎందుకు పోతారు, పారిపోవచ్చు కదా అంటారు. ఈసారి జాగ్రత్తగా చూడు. ఒక పక్క తెరిచిన తలుపుంటుంది. ఇంకో పక్క లోపల స్నేహితుడు అరుస్తుంటాడు. మనమైతే ఎటు పోతాం? వాళ్ళు లోపలికి పోతారు. నాకు ఆ సినిమాలు అందుకే ఇష్టం. గొడ్డలి కోసం కాదు.

ఒక మాట అడగనా? బతుకమ్మ దాకా అని నువ్వన్నావు. బడి ఏప్రిల్ దాకా ఉంటుంది. మధ్యలో వదిలేస్తే ఇంకొకరు దొరకరట. పిల్లలు ఇప్పుడిప్పుడే ‘అమ్మ’, ‘ఆవు’ దాటి తమ పేర్లు రాస్తున్నారు. జర ఆలోచించు.

‘పోయొస్త’ అననులే. ఈ సోమవారమే జమ్ములమ్మ పెద్దమ్మతో ‘పోతున్న’ అన్నాను. ఆమె చేతిలోని చాట కింద పడింది.

నీ మొండి,
కావ్య


గద్వాల,
25 జులై 2005

బిడ్డా,

నీ ఉత్తరం హసీనాకు కూడా చదివి వినిపించాను. చాట పడిందన్న దగ్గర ఆమె ఎంత నవ్విందంటే పాన్ పొలమారింది. నాకు నవ్వు రాలేదు. నువ్వు రాసిన ఒక ముక్క ఆ రాత్రి నన్ను నిద్రపోనియ్యలేదు.

ఎవరీ హమ్జా? ఎప్పుడూ నవ్వుతుంటాడా? అందరికీ నీళ్ళు మోస్తాడా? ఇంకో రెండు సినిమాలు చూశాను, మొత్తం మూడు. రెండింటిలో చివరికి ముసుగు తీస్తే లోపలున్నది అట్లాంటి పిల్లగాడే. మొదటి నుంచి నవ్వుతూ, సంచులు మోస్తూ, దెబ్బ తగిలిన పిల్లకు కట్టు కట్టినవాడే. నేను, హసీనా ఇద్దరమూ ఆ పిల్లగాన్ని మెచ్చుకుంటూ కూర్చున్నాం, మోసపోయాం. నువ్వు మోసపోకు. అతనితో ఒంటరిగా వాగుకు కూడా పోకు.

నువ్వు చెప్పినట్టు ఈసారి జాగ్రత్తగా చూశాను. నిజమే, తెరిచిన తలుపుండగా లోపలికే పోతున్నారు. “ఒసే పిచ్చిదానా, బయటికి పో” అని నేను టీవీ మీదికి కేకలేశాను. ఆ పిల్ల వినలేదు. మంచం కింద ఇరుక్కున్న స్నేహితురాలి చెయ్యి పట్టి లాగింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అదేమిటో తెలియలేదు.

ప్రతి సినిమాలో ఒక పిల్ల చివరికి మిగులుతుంది, గమనించావా? ఆ పిల్ల మొదట్లో అందరికన్నా పిరికిది. తాళం వేశామా అని మళ్ళీ చూసొస్తుంది. దీపం ఆర్పామా అని అడుగుతుంది. మిగతావాళ్ళు ఆమెను ఆటపట్టిస్తారు, మీ నాయన నన్ను ఆటపట్టించినట్టు. అట్లాంటి పిల్ల చివరికి కుంటుకుంటూ, ఒళ్ళంతా బురదతో, చేతికి దొరికిన కట్టె పట్టుకుని ఎదురు తిరిగి నిలబడింది. నేను కండె చుట్టడం మరిచిపోయాను. దారం అంతా చిక్కు పడింది.

తెల్లారినాక పోలీసులు వచ్చి ఆ పిల్లకు దుప్పటి కప్పారు. ఆమె అమ్మానాన్న ఎక్కడున్నారో సినిమావాళ్ళు చెప్పనే లేదు. దుప్పటి కప్పడానికి ఇంట్లో ఒక అవ్వ కూడా లేదా? నేను, హసీనా కొంగులతో కళ్ళు తుడుచుకుంటుంటే యూనుస్ వచ్చాడు. “ఇది ఏడిచే సినిమా కాదు పెద్దమ్మా” అన్నాడు. వాడికేం తెలుసు.

ఏప్రిల్ మాట ఎత్తకు. పండుగ దాకా అంటే పండుగ దాకానే.

చెప్పులు వేసుకునే ముందు దులుపు.

నీ అవ్వ,
హన్మమ్మ


అచ్చంపేట,
31 జులై 2005

అవ్వా,

నీ ఉత్తరం నేను బయటికి చదువుతున్నప్పుడు సుహానా పక్కనే ఉంది. హమ్జా సంగతి వచ్చేసరికి చదవడం ఆపేశాను. ఆమె కాగితం తీసుకుని మిగతాది తానే చదివింది. మడిచి పెట్టి, లేచి పోయి అన్నం వండింది.

హసీనా అవ్వ పక్కన కూర్చుని, ఆమె ఇంట్లో సినిమా చూసి, ఆమె చేతి చాయ్ తాగి ఆ మాట ఎట్లా రాశావు? అతని పేరు తిరుపతి అయితే ఇట్లాగే రాసేదానివా? నిన్ను నేను అట్లాంటిదానివని ఎన్నడూ అనుకోలేదు.

నీ సినిమాల్లో పెద్దవాళ్ళను కూడా ఒకసారి చూడు. పిల్లలు వచ్చి భయమేస్తున్నదని చెబితే ఎవరూ వినరు. తమ భయాలు మాత్రం తెచ్చి పిల్లల నెత్తిన పెడతారు. నా భయమేమిటో నువ్వు ఎప్పుడైనా అడిగావా? పాములు కాదు, దయ్యాలు కాదు, హమ్జా కాదు. పండుగ నాడు నువ్వు నన్ను వెనక్కి పిలుస్తావు, ఈ పిల్లలు సోమవారం వాగు దగ్గరికి వచ్చి మా కోసం చూస్తారు. నా భయం అదొక్కటే.

కావ్య


గద్వాల,
8 ఆగస్టు 2005

బిడ్డా కావ్యా,

నీ పేరు ముందు ‘నీ మొండి’ అని కూడా రాయలేదు. ఉత్తరం తిరగేసి చూశాను, వెనకైనా ఉందేమోనని.

పేరు చూసి కాదు బిడ్డా, నవ్వు చూసి భయపడ్డాను. నా మీద ఒట్టు. సినిమాలో ముసుగు వెనక ఉన్న పిల్లగాళ్ళందరూ తెల్లోళ్ళే. వాళ్ళ కులమేదో మతమేదో నాకేం ఎరుక. అతని పేరు తిరుపతి అయినా, ఎప్పుడూ నవ్వుతుంటాడని నువ్వు రాస్తే నేను ఇట్లాగే నిద్రపోయేదాన్ని కాదు. నీకు నా మీద నమ్మకం లేకుంటే హసీనాను అడుగు. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాలా వద్దా అని రెండు రోజులు కొంగున ముడేసుకుని తిరిగాను. చివరికి వినిపించాను.

హసీనా లేచి పాన్ ఉమ్మి వచ్చింది. తర్వాత, “గా పిల్లగాడు పొద్దంత ఏడుసుకుంట తిరిగితే మంచోడని రాస్తవా అక్కా?” అని నవ్వింది.

“ఏడిచేటోన్ని చూస్తే ఇంకా పరేషాన్ అయిత” అన్నాను.

“మరి పిల్లలు మొకం ఎట్ల పెట్టుకోవాలె చెప్పరాదు, సుహానాకు గూడ రాయిస్త” అన్నది.

ఆమె కూడా మనుమరాలిని అదే అడవికి పంపింది. ఒక్కరోజైనా గుండె పట్టుకుని కూర్చోవడం నేను చూడలేదు. ఎట్లా ఉంటావని అడిగితే, “భయం నువ్వు పడుతున్నవ్ గద, ఇద్దరికి సరిపోతది” అన్నది.

నీ భయం సంగతి చదివాను. దానికి ఏమని రాయాలో నాకు చేతకావడం లేదు. సినిమాల్లో పోలీసాయన, “ఏం లేదు, పోయి పడుకో” అంటాడు చూడు, నేను అట్లా అనను. అట్లా అని సరే అని కూడా అనలేను. వానలు పెరిగాయి. జూరాల గేట్లు ఎత్తారట. వాగులు నమ్మేవి కావు.

సుహానాకు నా దీవెనలు చెప్పు. ఆ పిల్లగానికి కూడా.

నీ అవ్వ,
హన్మమ్మ


గద్వాల,
22 ఆగస్టు 2005

కావ్యా,

ఇంటికి చేరాను. కాళ్ళు వాచాయి, అంతే. నీతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా బస్సెక్కినందుకు నువ్వు బాధపడి ఉంటావు. నోరు రాలేదు. చేతికి వచ్చినట్టు రాస్తున్నాను, చదువుకో.

నేను ఎందుకు వచ్చానో నీకు సగమే తెలుసు. ఆ సోమవారం మీ జమ్ములమ్మ యూనుస్ దుకాణానికి ఫోను చేసింది. యూనుస్ పరుగెత్తుకొచ్చి నా చెవి దగ్గర అరిచాడు. “పెద్దమ్మా, నీ మనుమరాలు పెట్టె తీస్కొని ‘పోతున్న’ అని పోయిందంట. రోజు గట్లనే అంటది గని, పెట్టెతోటి పోవుడు ఇదే మొదలంట. అడిగితే మల్ల గదే మాట అన్నదంట.” పెట్టెలో పెంట పిల్లల కోసం పోగుచేసిన బట్టలున్నాయని ఆమెకేం తెలుసు, నాకేం తెలుసు? ఇంట్లోంచి పెట్టెతో పోతూ ‘పోతున్న’ అన్న ఆడపిల్ల మళ్ళీ ఆ గడప తొక్కదని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట నీకు నేర్పింది నేనే. ఆ సంగతి బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది.

హసీనా రొట్టెలు కట్టిచ్చింది. బీచుపల్లి వంతెన మీద కృష్ణమ్మకు దండం పెట్టాను. వనపర్తిలో బస్సు మారాను, నాగర్‌కర్నూల్లో మళ్ళీ మారాను. అచ్చంపేట చేరేసరికి దీపాలు పెట్టారు. జమ్ములమ్మ, నేనూ ఒకరినొకరం తిట్టుకున్నాం, ఒకే పళ్ళెంలో తిన్నాం. బుధవారం పిల్లలకు సూదిమందు వేయించడానికి మీరే వాగు దాటించి తెస్తారని తెలిసి, వెంకట్రాములు జీపెక్కాను.

వాగు దగ్గర నేను చూసింది చెబుతాను. నీళ్ళు ఎర్రగా, నడుము లోతు. ఈ ఒడ్డు చెట్టు నుంచి ఆ ఒడ్డు చెట్టుకు తాడు కట్టారు. హమ్జా నడి వాగులో నిలబడి ఒక్కో పిల్లను భుజం మీదికెత్తి సుహానాకు అందిస్తున్నాడు. పిల్లలు భయపడకుండా ప్రతి ఒక్కరితో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఆ నవ్వు చూసి నాకు తల దించుకోవాలనిపించింది. నువ్వు ఆ ఒడ్డున ఉన్నావు, నన్ను ఇంకా చూడలేదు.

పిల్లలందరూ వచ్చారనుకున్నాం. నువ్వు తాడు పట్టుకున్నావు. సుహానా ఇటు పిల్లల్ని లెక్కపెట్టి, “ఈదమ్మ ఏది?” అని కేకేసింది. నువ్వు తాడు వదిలేశావు. వెంకట్రాములు, “మేడం, పైన వాన పడుతున్నది, వాగు పొంగుతది, జల్ది రా” అని అరిచాడు. నేనూ అరిచాను. అప్పుడు నువ్వు నన్ను చూశావు. వాగు హోరులో నీ మాట వినబడలేదు. పెదవులు కదిలాయి. ఆ సినిమాలో కదిలినట్టే, మాట లేకుండా పెదవులు. ఏమన్నావో వినకపోయినా తెలిసింది. నేను వద్దన్న మాటే అన్నావు. వెనక్కి తిరిగి చెట్లలోకి పోయావు.

నేను ఒడ్డున కూలబడ్డాను. హమ్జా నీళ్ళలోనే ఉన్నాడు. నడుము దాటి నీళ్ళు పైకొస్తున్నాయి. “ఒడ్డుకు రా బిడ్డా” అని పిలిచాను. అతన్ని బిడ్డా అన్నానని తర్వాత తెలిసింది. “ఆమె వచ్చెదాంక ఈడ్నె ఉంట అవ్వా, తాడు కాడ ఒకలుండాలె గద” అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

నువ్వు వచ్చావు. పిల్ల నీ మెడ పట్టుకుని ఉంది. నీ మోకాలి నుంచి నెత్తురు, ఒళ్ళంతా బురద. నిన్ను పట్టుకుని ఏడిస్తే ఆగనని, వెనక్కి తిరిగి జీపులో కూర్చున్నాను. తెల్లారి మొదటి బస్సెక్కాను.

పండుగకు వచ్చెయ్యి. ఇంకోసారి అది చూడలేను.

నీ అవ్వ,
హన్మమ్మ


అచ్చంపేట,
28 ఆగస్టు 2005

అవ్వా,

నీ ఉత్తరం ముగ్గురం కలిసి చదివాం. ఈసారి దాచాల్సింది ఏమీ లేదు. హమ్జా, ‘బిడ్డా అన్నదా, నీళ్ళ సప్పుడుల నాకు గా ఒక్క మాట వినరాలే’ అని మళ్ళీ ఆ ముక్క చదివించుకున్నాడు. పేరు చూసి భయపడ్డావని రాసినందుకు నన్ను తిట్టు. నువ్వు చెయ్యి ఎత్తితే తల వంచుకుని నిలబడతాను.

నా ఒడ్డున జరిగింది నువ్వు చూడలేదు కదా, చెబుతాను. ఈదమ్మకు ఏడేళ్ళు. సూది అంటే భయం. మాతో పాటు వాగు దాకా వచ్చి, నేను చూడకుండా వెనక్కి పరుగెత్తింది. బడిలో లేదు, గుడిసెల్లో లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకదని నాకు తెలుసు. దాక్కున్నవాళ్ళను పిలిస్తే ఊపిరి కూడా బిగబడతారు. అది నాకు సినిమాలే నేర్పాయి. బడి వెనక తేనె కుండలు పెట్టే చిన్న కొట్టం ఉంది. దాని ముందు కూర్చుని, నాకు నేనే చెప్పుకున్నట్టు, “నాగ్గూడ సూదంటె బయమే. నేను గూడ ఈడ్నె దాక్కుంట, జాగుందా?” అన్నాను.

లోపలి నుంచి చిన్న గొంతు వచ్చింది. “లేదు, ఇరుకున్నది.”

“మరి నువ్వన్న బయటికి రా, నేను దాక్కుంట.”

కాసేపు ఆలోచించింది. “నన్నెత్తుకుంటె వస్త” అన్నది. అంతే. వచ్చేటప్పుడు జారి పడితే నా మోకాలు కొట్టుకుంది. అది నువ్వు చూసిన నెత్తురంత పెద్ద దెబ్బ కాదు.

నిజం చెప్పనా? వెనక్కి తిరిగే ముందు నా కాళ్ళు వణికాయి. నీళ్ళు పెరుగుతున్నాయని నాకూ కనబడుతున్నది. అప్పుడే అటు ఒడ్డున నువ్వు కనబడ్డావు. మొదట కలేమో అనుకున్నాను. ‘పోయొస్త అవ్వా’ అని అరిచాను. వద్దన్నావని గుర్తుంది కానీ నోటికి ఇంకో మాట రాలేదు. నువ్వు చెయ్యి పైకెత్తావు. వినబడకపోయినా ‘పోయిరా’ అంటున్నావని తెలిసిపోయింది. అప్పుడు నా కాళ్ళ వణుకు ఆగింది. గద్వాల నుంచి మూడు బస్సులెక్కి వచ్చి, ఆ ఒడ్డున నిలబడి నువ్వు ఆ మాట అన్నావంటే నాకేం కాదనిపించింది.

అందుకే ఇక పేచీ పెట్టను. ఒకసారి ‘పోయిరా’ అన్నావు, అది చాలు. ఏప్రిల్ మాట మళ్ళీ అడగను. బతుకమ్మకు పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. పిల్లలకు ఇంకా చెప్పలేదు. ఈదమ్మ తన పేరులో ‘ద’కు పొట్ట చుట్టడం నిన్ననే నేర్చుకుంది. గోడలన్నీ నింపుతున్నది.

నీ మొండి,
కావ్య


గద్వాల,
12 సెప్టెంబరు 2005

బిడ్డా కావ్యా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పది రోజులు ఆలోచించాను. ఆ చెయ్యి సంగతి చెప్పాలా, మానాలా అని.

ఆ చెయ్యి నేను నిన్ను ఆపడానికి ఎత్తాను. ‘ఆగు, పోకు’ అని ఎత్తాను. ‘పోయిరా’ అనలేదు. నువ్వు అట్లా అనుకున్నావు, అనుకుని పోయావు, పిల్లను తెచ్చావు. నేను అనుకున్నదే నీకు తెలిసి ఉంటే నీ కాళ్ళ వణుకు ఆగేది కాదు కదా. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా కాళ్ళు వణుకుతున్నాయి.

నిన్న యూనుస్‌ను అడిగి మొదటి సినిమానే మళ్ళీ పెట్టించుకున్నాను. “చూసిందే గద పెద్దమ్మా” అన్నాడు. చూసిందే, సరిగ్గా చూడలేదన్నాను. హసీనా వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి ఆ పిల్లల మీద నాకు కోపం రాలేదు. ఎంత చక్కటి పిల్లలు బిడ్డా. ఉన్న రొట్టె ముక్కను పంచుకుంటారు. చలేస్తే ఒకరి కోటు ఒకరికి కప్పుతారు. ఒకరు రాకపోతే ఇంకొకరు వెతకడానికి లేస్తారు. చావు తెలిసే లేస్తారు. సినిమా తీసినాయన వాళ్ళను బుద్ధిలేనివాళ్ళని చూపించాడని నేను అనుకున్నాను. కాదు. ఆ పిల్లలంటే ఆయనకు ప్రాణం. మనకూ వాళ్ళ మీద ప్రాణం పెరిగాకే భయం మొదలుపెడతాడు.

కట్టెలు తెచ్చే పిల్లగాడు లేచాడు. “ఇప్పుడే పోయొస్త” అన్నాడు. తలుపు దాటాడు. అప్పుడు కనబడింది నాకు. వాని వెనక ఎవరూ ఏమీ అనలేదు. మన ఇళ్ళల్లో ఎవరన్నా ‘పోయొస్త’ అంటే, చేతిలో ఏ పనున్నా, పొయ్యి దగ్గరున్నా, లోపలి నుంచి ఎవరో ఒకరు ‘పోయిరా’ అంటారు. అది విన్నాకే కాలు బయటపెడతాం. ఆ పిల్లల ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు లేరు. మాట మంచిదే బిడ్డా. జవాబు లేక చెడింది.

నా నోరు ఊరుకోలేదు. “మంచిగ పోయిరా బిడ్డా” అన్నాను టీవీ వైపు చూసి. హసీనా నన్ను చూసింది. నవ్వుతుందనుకున్నాను. వాణ్ణి వెతకడానికి ఆ పిల్ల లేచి ‘పోయొస్త’ అనగానే, హసీనా పాన్ పక్కకు పెట్టి, “జా బేటీ, పోయిరా” అన్నది. వాళ్ళిద్దరూ రాలేదు. సినిమాలో రారు. అయినా మేమిద్దరం చివరిదాకా అంటూనే ఉన్నాం.

మీ నాయనకు ఉత్తరం రాశాను, బడి ఏప్రిల్ దాకా ఉంటుందని, అవ్వ సరేనన్నదని. జమ్ములమ్మకు కూడా చెప్పు, ఇక నుంచి నువ్వు అనాల్సిన మాటే అంటావని, ఆమె చాట జాగ్రత్తగా ఉంటుందని. పెట్టె సర్దొద్దు. పండుగకు రెండు జతల బట్టలు తెచ్చుకుంటే చాలు. సుహానాతో పాటు హమ్జాను కూడా ఒక పూట భోజనానికి రమ్మను. ఆ నవ్వు ఈసారి దగ్గర నుంచి చూస్తాను.

నాకు భయం పోయిందనుకోకు. అది పోయేది కాదు. వాన పడినప్పుడల్లా ఆ వాగు నా ఇంట్లోనే పారుతుంది. తాడు కొత్తది కొనమను.

పండుగ అయ్యాక తిరిగిపోయే రోజు గడప మీద నిలబడి ఆ మాట గట్టిగా అను. నా చెవికి వినబడాలి కదా, జవాబు చెప్పడానికి.

నీ అవ్వ,
హన్మమ్మ